8,000 మైళ్ల కోసం కట్టిన ఓడ: ‘అఫోన్సో డి అల్బుకర్క్’ నిర్మాణం వెనుక లెక్కలు

లిస్బన్ నుంచి సూయజ్ కాలువ మీదుగా గోవా చేరాలంటే 5,000 నాటికల్ మైళ్లకు పైగా ప్రయాణం. మకావు, తూర్పు తిమోర్ ఇంకా దూరం. అంగోలా, మొజాంబిక్ తీరాలు ఆఫ్రికాకు చెరో పక్కన. 1930 నాటి పోర్చుగల్ సామ్రాజ్యం ఇలా మూడు మహాసముద్రాల్లో చెదిరి ఉంది. వాటిని చూసుకోవడానికి నౌకాదళం దగ్గర ఉన్నవి మాత్రం కాలం చెల్లిన ఓడలు. 1896లో నీటికి దిగిన ‘అడమాస్టర్’ క్రూయిజర్, 1920లో బ్రిటన్ నుంచి కొన్న రెండు ‘ఫ్లవర్’ తరగతి స్లూప్‌లు (గస్తీకి వాడే చిన్న యుద్ధనౌకలు) అప్పటికీ కాలనీల మధ్య తిరుగుతూనే ఉన్నాయి.

ఆ పరిస్థితిని మార్చడానికి నౌకాదళ మంత్రి మగల్యాయిష్ కొర్రేయా 1930లో ఒక పునర్నిర్మాణ ప్రణాళిక ప్రకటించాడు. అందులో డిస్ట్రాయర్లు, జలాంతర్గాములతో పాటు కాలనీల కోసమే ప్రత్యేకంగా కట్టే స్లూప్‌లు రెండు స్థాయిల్లో ఉన్నాయి. మొదటి స్థాయిలో ‘అఫోన్సో డి అల్బుకర్క్’, ‘బార్తలోమియో డియాజ్’. రెండో స్థాయిలో ‘గొన్సాలో వెల్యో’, ‘గొన్సాల్వెస్ జార్కో’, ‘పెడ్రో నూనెస్’, ‘జొఆవ్ డి లిస్బోవా’. పేర్లన్నీ నావికులవి, అన్వేషకులవి, నౌకాయాన శాస్త్రజ్ఞులవి. 1510లో గోవాను పట్టుకున్నవాడి పేరే మొదటి ఓడకు పెట్టారు.

తెలుగు పాఠకులకు ఈ ఓడ పేరు తగిలేది చాలావరకు 1961 డిసెంబరు గోవా విముక్తి కథలోనే. మార్మగోవా రేవులో భారత ఫ్రిగేట్ల చేతిలో దెబ్బతిని ఒడ్డుకెక్కిన ఓడగానే దాన్ని గుర్తుపెట్టుకుంటారు. కానీ ఆ రోజు దాని బలం ఎంతో, బలహీనత ఎక్కడో 1930ల మొదట్లోనే నిర్ణయమైపోయింది. అది యుద్ధం కోసం కాకుండా దూరం కోసం గీసిన ఓడ. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే దాని కొలతలన్నీ అర్థమవుతాయి.

ఒకే పొడవు, రెండు వేర్వేరు ఓడలు

ముందు అంకెలు. ప్రామాణిక బరువు 1,788 టన్నులు, పూర్తి లోడుతో 2,435 టన్నులు. పొడవు సుమారు 100 మీటర్లు, వెడల్పు దాదాపు 13.5 మీటర్లు, నీటిలో మునిగే లోతు 3.8 మీటర్లు. నాలుగు యారో బాయిలర్లు, రెండు పార్సన్స్ గేర్డ్ టర్బైన్లు, 8,000 హార్స్‌పవర్, 21 నాట్ల వేగం (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు). నాలుగు 120 మిల్లీమీటర్ల ఫిరంగులు.

ఈ అంకెలకు సరైన తూకం అదే ప్రణాళికలోని ‘వోగా’ తరగతి డిస్ట్రాయర్. దాని పొడవూ దాదాపు 98 మీటర్లే. దాని మీదా నాలుగు 120 మిల్లీమీటర్ల ఫిరంగులే. కానీ వెడల్పు తొమ్మిదిన్నర మీటర్లు, శక్తి 33,000 హార్స్‌పవర్, వేగం 36 నాట్లు. పైగా ఎనిమిది టార్పెడో గొట్టాలు. అంటే ఒకే నౌకాదళం, ఒకే దశాబ్దంలో, ఒకే పొడవులో, ఒకే సంఖ్య ఫిరంగులతో రెండు రకాల ఓడలు కట్టించింది. డిస్ట్రాయర్ తన లోపలి చోటును ఇంజిన్లకిచ్చింది. స్లూప్ అదే చోటును చమురుకు, తిండి సామానుకు, మంచినీళ్లకు, మనుషులకు ఇచ్చింది.

స్లూప్‌కు ఆ నాలుగు మీటర్ల అదనపు వెడల్పు ఊరికే రాలేదు. లోతు తక్కువ ఉండాలన్నది మొదటి షరతు. ఆఫ్రికా నదీముఖాల్లో, చిన్న రేవుల్లో ఇసుక మేటలు దాటి లోపలికి పోవాలి. లోతు తగ్గిస్తే, కావలసిన బరువును నీరు మోయడానికి వెడల్పు పెంచక తప్పదు. రెండోది స్థిరత్వం. ఉష్ణమండలంలో నెలల తరబడి ఉండే ఓడకు ఎత్తైన, గాలి ఆడే గదులు, డెక్ పొడవునా ఎండ పందిళ్లు కావాలి. వాటికి తోడు ఒక సీప్లేన్ మోసే ఏర్పాటు కూడా పెట్టారు. ఇదంతా నీటి మట్టానికి ఎత్తున పడే బరువు. ఎత్తున బరువు పెరిగే కొద్దీ ఓడ ఒరిగాక తిరిగి లేచే బలం తగ్గుతుంది. దాన్ని తిరిగి తెచ్చేది వెడల్పే. అలాగని వెడల్పు మరీ పెంచితే ఓడ అలలకు విసురుగా, తొందర తొందరగా ఊగుతుంది. సిబ్బందికి అది నరకం. ఫిరంగి గురి కూడా చెడుతుంది.

ఈ తరహా ఓడకు ఆ రోజుల్లో అంతర్జాతీయంగా ఒక చట్రం కూడా ఏర్పడింది. 1930 లండన్ నౌకా ఒప్పందంలోని 8వ అధికరణ కొన్ని ఓడలను పరిమితుల నుంచి మినహాయించింది. 2,000 టన్నులు దాటకూడదు, వేగం 20 నాట్లు దాటకూడదు, టార్పెడోలు ఉండకూడదు, 3 అంగుళాలకు మించిన ఫిరంగులు నాలుగుకు మించకూడదు. పోర్చుగల్ ఆ ఒప్పందంలో భాగస్వామి కాదు. అయినా అఫోన్సో కొలతలు చూస్తే ఒక్క నాట్ వేగం తప్ప మిగతావన్నీ ఆ గీత లోపలే ఉన్నాయి. బ్రిటిష్ యార్డులు, ఇంజినీర్లు ఆ మూసలోనే ఆలోచిస్తున్న కాలం అది.

చివరి నాలుగున్నర నాట్ల ఖరీదు

ఓడ వేగానికీ శక్తికీ మధ్య సుమారుగా ఘన సంబంధం ఉంటుంది. వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. ఈ లెక్కన 21 నాట్లకు 8,000 హార్స్‌పవర్ తీసుకునే ఓడకు 16.5 నాట్లకు 4,000 లోపే చాలు. పది నాట్లకైతే 900 కూడా అక్కర్లేదు. అంటే ఇంజిన్ గదిలో సగం యంత్రాలు చివరి నాలుగున్నర నాట్ల కోసమే ఉన్నాయి. ఓడ జీవితంలో ఆ వేగం వాడేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన గంటలు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆవిరి టర్బైన్ తన పూర్తి శక్తి దగ్గరే బాగా పనిచేస్తుంది. శక్తిలో తొమ్మిదో వంతు దగ్గర నడిపితే బ్లేడ్ల వేగానికీ ఆవిరి వేగానికీ పొంతన కుదరదు. ఆవిరి పని చేయకుండానే దాటిపోతుంది. పైగా బాయిలర్‌కు నీరు అందించే ఫీడ్ పంపులు, వాడిన ఆవిరిని మళ్లీ నీరుగా మార్చే కండెన్సర్ పంపులు, ఫ్యాన్లు, విద్యుత్ జనరేటర్లు ఓడ మెల్లగా పోయినా దాదాపు అంతే ఆవిరి తాగుతాయి. గేర్లు పెట్టడం వల్ల టర్బైన్ వేగంగా, ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగే వీలు కలిగి కొంత మేలు జరిగింది కానీ మూల సమస్య పోలేదు.

అఫోన్సో 10 నాట్ల వేగంతో 8,000 మైళ్లు పోగలదని లెక్క. అంటే 800 గంటలు, 33 రోజులు. చమురు నిల్వ సుమారు 600 టన్నులు. మైలుకు 75 కిలోలు పడుతుంది.

దీని పక్కన ‘పెడ్రో నూనెస్’ను పెట్టి చూడాలి. పూర్తి లోడుతో 1,217 టన్నులు, అఫోన్సోలో సరిగ్గా సగం. రెండు ఎం.ఏ.ఎన్. డీజిల్ ఇంజిన్లు, 2,400 హార్స్‌పవర్, 16.5 నాట్లు. 110 టన్నుల ఇంధనంతో 13 నాట్ల వేగంతో 6,000 మైళ్లు. మైలుకు 18 కిలోలు. ఓడ బరువు సగమే అయినా ఇంధనం నాలుగో వంతుకే సరిపెట్టింది. అదీ 3 నాట్లు ఎక్కువ వేగంతో. కాలనీ ఓడకు డీజిల్ ఎంత నప్పుతుందో చెప్పడానికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు. ఫ్రాన్స్ తన ‘బూగెన్విల్’ తరగతి కాలనీ స్లూప్‌లకు డీజిల్ పెట్టి 15.5 నాట్లతో తృప్తిపడింది. ఇటలీ ‘ఎరిట్రియా’కు డీజిల్-ఎలక్ట్రిక్ ఎంచుకుంది.

మరి పెద్ద ఓడకు ఆవిరే ఎందుకు? ఆనాటి డీజిల్ ఇంజిన్ హార్స్‌పవర్‌కు టర్బైన్ కన్నా చాలా బరువు. 8,000 హార్స్‌పవర్ కావాలంటే ఎత్తైన, బరువైన ఇంజిన్లు, వాటి కంపనాలు తట్టుకునే పునాదులు కావాలి. నౌకాదళ ఇంజిన్ సిబ్బంది ఆవిరి మీద పెరిగినవాళ్లు. ఆర్డరు తీసుకున్న హాథార్న్ లెస్లీ సంస్థ టర్బైన్లలో ఆరితేరినది. అయినా 21 నాట్ల పట్టుదలే ఈ నిర్ణయానికి మూలం అనిపిస్తుంది. 17 నాట్లతో సరిపెట్టుకుని ఉంటే అఫోన్సో మెరుగైన కాలనీ ఓడ అయ్యేది. 21 నాట్లు యుద్ధానికి చాలవు, గస్తీకి ఎక్కువ.

టైన్ నది ఒడ్డున

అఫోన్సో జోడీని, ‘గొన్సాలో వెల్యో’ జోడీని ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో టైన్ నది మీది హెబర్న్‌లో హాథార్న్ లెస్లీ కట్టింది. చిన్న జోడీ 1932లో నీటికి దిగింది. అఫోన్సో 1934 మేలో, బార్తలోమియో డియాజ్ అదే ఏడాది అక్టోబరులో. మధ్యలో ఆగస్టులో అదే యార్డు నుంచి మరో స్లూప్ జలప్రవేశం చేసింది. అది భారత నౌకాదళం కోసం కట్టిన ‘ఇండస్’. భారత్‌కూ పోర్చుగల్‌కూ ఆ వేసవిలో ఒకే యార్డు కార్మికులు రివెట్లు కొట్టారు. ‘ఇండస్’ 1942 ఏప్రిల్‌లో బర్మా తీరంలో అక్యాబ్ దగ్గర జపాన్ విమానాల దాడిలో మునిగిపోయింది.

మహామాంద్యం ఆ తీరాన్ని కుదిపేస్తున్న రోజులవి. హెబర్న్ పొరుగునే ఉన్న జారోలో పామర్స్ యార్డు 1933లో మూతపడింది. అలాంటి సమయంలో విదేశీ ఆర్డరు అంటే యార్డుకు ప్రాణం పోసినట్టే.

అప్పటికి వెల్డింగ్ ఇంకా ప్రధాన పద్ధతి కాలేదు. ఓడంతా రివెట్లతోనే. పని మోల్డ్ లాఫ్ట్‌లో మొదలవుతుంది. విశాలమైన చెక్క నేల మీద ఓడ గీతలను అసలు కొలతలోనే గీస్తారు. కాగితం మీద కనబడని వంకర అక్కడ కనబడుతుంది. అక్కడి నుంచి తీసిన అచ్చుల ప్రకారం కొలిమిలో ఎర్రగా కాల్చిన ఉక్కు కోణాలను, చిల్లులున్న ఇనుప దిమ్మల మీద మేకులు పాతి, ఒక్కో ఫ్రేము ఆకారానికి వంచుతారు. చల్లారేటప్పుడు ఉక్కు కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది. అనుభవజ్ఞుడు ఆ మేరకు ముందే ఎక్కువ వంచి పెడతాడు.

ఓడకు వెన్నెముక లాంటి కీల్ ప్లేట్లు పరిచాక ఫ్రేములు, అడ్డగోడలు, డెక్ దూలాలు లేస్తాయి. ఆ తర్వాత పై ప్లేట్లు. ఒక రివెట్ ముఠాలో కాల్చేవాడు, అందుకుని చిల్లులో పెట్టేవాడు, వెనక బరువు ఆనించి పట్టేవాడు, కొట్టేవాళ్లు ఉంటారు. రెండు ప్లేట్ల చిల్లులు సరిగ్గా కలవకపోతే కొందరు సూది మేకు దూర్చి బలవంతంగా సాగదీస్తారు. అలా చేస్తే చిల్లు అంచు చిట్లి, అక్కడే తర్వాత పగులు మొదలవుతుంది. సరైన పని చిల్లును తిరిగి తొలిచి పెద్ద రివెట్ వేయడం. రివెట్ మరీ ఎక్కువ కాలితే ఉక్కు పెళుసవుతుంది. తక్కువ కాలితే చల్లారాక బిగవదు. తనిఖీదారు చిన్న సుత్తితో ఒక్కో తలను తట్టి, శబ్దం బట్టి వదులు రివెట్‌ను పట్టుకుంటాడు.

చమురుతో నడిచే ఓడల్లో దీని ప్రాధాన్యం ఇంకా ఎక్కువ. నీరు ఆగే అతుకులో నూనె ఆగదు. మామూలు నీటి అతుకుకు రివెట్ల మధ్య దూరం రివెట్ వ్యాసానికి నాలుగున్నర నుంచి ఐదు రెట్లు ఉంటే, చమురు ట్యాంకు అతుకుకు మూడున్నర రెట్ల దగ్గరికి తేవాలి. ప్లేట్ అంచును ఉలితో నొక్కి మూసే పని కూడా మరింత జాగ్రత్తగా చేయాలి. ట్యాంకులను నీళ్లతో నింపి, పైన ఎత్తైన గొట్టంలో నీటి మట్టం నిలబెట్టి పరీక్షిస్తారు. ఇక్కడ నిర్లక్ష్యం జరిగితే చమురు మెల్లగా బాయిలర్ నీటి ట్యాంకులోకి ఊరుతుంది. బాయిలర్ గొట్టాల లోపల నూనె పొర కట్టి, ఆ చోట లోహం వేడెక్కి ఉబ్బి పగులుతుంది. యారో బాయిలర్ సన్నని గొట్టాల బాయిలర్ కాబట్టి దానికి మురికి నీరు అసలు పడదు.

టైన్ లాంటి ఇరుకు నదిలో జలప్రవేశానికి ప్రత్యేకమైన లెక్క ఉంది. ఓడ వెనక భాగం ముందుగా నీటిలో తేలుతుంది. ఆ క్షణంలో ముందు భాగం ఇంకా జారుడు పట్టాల మీదే ఉంటుంది. ఓడ బరువులో పెద్ద భాగం ఆ చిన్న చోట పడుతుంది. అక్కడ లోపలి నుంచి దూలాలతో ఆసరా పెట్టకపోతే ప్లేట్లు సొట్టపడతాయి. నీటి మట్టం తక్కువ ఉన్నప్పుడు వదిలితే వెనక భాగం తేలకముందే పట్టాల చివర దాటి కిందికి వంగే ప్రమాదం. అందుకే పోటు ముహూర్తం చూసి వదులుతారు. అవతలి ఒడ్డును గుద్దుకోకుండా కుప్పలుగా పేర్చిన బరువైన గొలుసులను ఓడకు కట్టి ఒక్కొక్కటిగా లాగిస్తారు.

యంత్రాలు, ఫిరంగులు ఎక్కాక తప్పనిసరిగా చేసేది ఒరుగుడు పరీక్ష. తెలిసిన బరువును డెక్ మీద ఒక పక్కకు జరిపి, పొడవాటి లోలకంతో ఓడ ఎంత ఒరిగిందో కొలుస్తారు. దాన్నుంచి గురుత్వ కేంద్రం ఎత్తు తెలుస్తుంది. కాగితం మీద వేసిన బరువుల జాబితా నిజమో కాదో తేలేది ఇక్కడే. వేగ పరీక్షలో ఓడను కొలిచిన మైలు మీద రెండు దిశల్లోనూ పరుగెత్తించి, ప్రవాహం ప్రభావం పోయేలా సగటు తీస్తారు.

‘పెడ్రో నూనెస్’ జోడీని మాత్రం లిస్బన్‌లోని పాత నౌకా ఆర్సెనల్‌లోనే కట్టారు. ‘పెడ్రో నూనెస్’ 1934లో, ‘జొఆవ్ డి లిస్బోవా’ 1936లో నీటికి దిగాయి. ఆ యార్డు టాగస్ నది ఒడ్డున, నగరం నడిబొడ్డున ఇరుకైన చోట ఉండేది. ‘జొఆవ్ డి లిస్బోవా’ అక్కడ కట్టిన చివరి ఓడల్లో ఒకటి. తర్వాత పని నది అవతలి అల్ఫైటెకు మారింది.

వెచ్చని నీటిలో కాగితం అంకెలు

8,000 మైళ్లు అన్నది శుభ్రమైన అడుగుతో, చల్లని నీటిలో వేసిన అంకె. ఉష్ణమండలంలో అడుగుకు నాచు, గవ్వ పురుగులు త్వరగా పడతాయి. బ్రిటిష్ అడ్మిరాల్టీ లెక్కల్లో ఇందుకు ఒక సూత్రం ఉండేది. ఓడ అడుగును శుభ్రం చేసే డ్రైడాక్ నుంచి బయటికి వచ్చాక గడిచే ప్రతి రోజుకూ చల్లని నీటిలో పావు శాతం, ఉష్ణమండలంలో అర శాతం చొప్పున అడుగు రాపిడి పెరుగుతుంది. ఆరు నెలలకు అది 90 శాతం. పది నాట్ల వేగంలో ఓడకు ఎదురయ్యేది చాలావరకు రాపిడే, అలల నిరోధం కాదు. కాబట్టి డాక్‌కు పోక ఆరు నెలలైన స్లూప్‌కు కాగితం మీది దూరంలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే నమ్మకంగా మిగులుతుంది.

కండెన్సర్‌దీ ఇదే కథ. ఉత్తర సముద్రంలో 10 డిగ్రీల నీటితో వచ్చే శూన్యం అరేబియా సముద్రపు 28 డిగ్రీల నీటితో రాదు. శూన్యం తగ్గితే టర్బైన్ తీసే పని తగ్గుతుంది. టైన్ తీరంలో సాధించిన 21 నాట్లు గోవా దగ్గర అంత తేలిగ్గా రావు.

నాలుగు ఫిరంగులు, కవచం సున్నా

నాలుగు 120 మిల్లీమీటర్ల వికర్స్ ఫిరంగులు ముందు రెండు, వెనక రెండు, మెట్లలా ఒకదాని మీదుగా ఒకటి కాల్చేలా అమర్చారు. గుండు బరువు సుమారు 22 కిలోలు, చేత్తో నింపాలి. ఓడ అడ్డం తిరిగితే నాలుగూ పనిచేస్తాయి. ముక్కు శత్రువు వైపు ఉంటే రెండే. వీటికి తోడు రెండు 76 మిల్లీమీటర్ల విమాన విధ్వంసక ఫిరంగులు, నాలుగు 40 మిల్లీమీటర్లవి, జలాంతర్గాముల మీదికి డెప్త్ చార్జ్ (నీటి లోపల పేలే బాంబు) విసిరే నాలుగు యంత్రాలు, 40 మైన్లు పెట్టే ఏర్పాటు. ఫిరంగికి ముందు రేకు కవచం తప్ప వెనక తెరిపే. పక్కలకు ఎక్కడా కవచం లేదు.

కాలనీ గస్తీకి ఇది ధారాళం. 1942 నవంబరు చివర్లో దక్షిణాఫ్రికా నటాల్ తీరంలో జర్మన్ జలాంతర్గామి ముంచిన ‘నోవా స్కోషియా’ నుంచి దాదాపు 190 మందిని అఫోన్సో కాపాడింది. మొజాంబిక్‌లో సిద్ధంగా ఉండి, వెంటనే బయల్దేరి, అంతమందిని డెక్ మీదికి ఎక్కించుకోగల ఓడ. దాన్ని కట్టించిన ఉద్దేశం పూర్తిగా నెరవేరిన రోజు అదే.

గుండ్ల దెబ్బ తిన్న రెండు సందర్భాలూ మాత్రం ఇరుకు నీటిలోనే జరిగాయి. 1936 సెప్టెంబరు 8న టాగస్‌లో సిబ్బంది తిరుగుబాటు చేసి కదిలినప్పుడు ఒడ్డు ఫిరంగులు దాన్ని అక్కడే ఆపేశాయి. 1961 డిసెంబరు 18న మార్మగోవా రేవులో ఎదురైనవి ‘బెత్వా’, ‘బియాస్’. రెండింటి మీదా జంట టరెట్లలో నాలుగేసి 4.5 అంగుళాల ఫిరంగులు, రాడార్ సాయంతో గురి. అఫోన్సోకు ఆ సాయం లేదు. ఎనిమిది గొట్టాలకు నాలుగు, అవీ తిరగడానికి చోటున్నప్పుడే. గురి కేంద్రానికి తగిలిన దెబ్బతో ఫిరంగులు విడివిడిగా కాల్చుకోవలసి వచ్చింది. పైన పేలిన గుండు ముక్కలకు తెరిపిగా ఉన్న బ్రిడ్జి (ఓడను నడిపే చోటు), తెరిపి ఫిరంగులు అడ్డుకాలేదు. కమాండర్ ఆంటోనియో ద కూన్యా అరగావ్ తీవ్రంగా గాయపడ్డాడు. ఓడ మలుపు తిరిగి బాంబోలిం దగ్గర ఒడ్డుకెక్కింది. లోతు తక్కువ ఓడ కావడం వల్ల అది తీరానికి అంత దగ్గరగా చేరగలిగింది, సిబ్బందిలో ఎక్కువమంది బతికారు.

ఓడను తర్వాత బొంబాయికి లాక్కెళ్లి తుక్కుకు అమ్మారు. జోడీ ఓడ ‘బార్తలోమియో డియాజ్’ 1960లలో పేరు మార్చుకుని డిపో ఓడగా మిగిలింది. డీజిల్ ఓడలు ‘పెడ్రో నూనెస్’, ‘జొఆవ్ డి లిస్బోవా’ సముద్ర సర్వే పనికి మారాయి. సర్వే ఓడ తీరం వెంట నెమ్మదిగా, వారాల తరబడి, లోతులేని నీటిలో తిరగాలి. 2.84 మీటర్ల లోతు, మైలుకు 18 కిలోల ఇంధనం ఆ పనికి సరిగ్గా సరిపోయాయి.